సగం గాటు

జనవరి 20, శనివారం

వేట కాలం అయిపోయింది. నేలమాళిగలో కూర్చుని చెకుముకి తుపాకులు రెండూ కడిగాను. వేడినీళ్లు, సబ్బు, చివర్న నూనె. పెద్దది భేషుగ్గా ఉంది. రెండోదాన్ని సగం గాటులో పెట్టి బల్లకి ఆనించబోతే సుత్తి టప్పున పడింది. లోపల మందు లేదు కాబట్టి సరిపోయింది. సుత్తిని నడిపే యంత్రం, లాక్, విప్పి చూశాను. లోపలి చక్రం మీద సుత్తిని సగంలో ఆపి పట్టుకునే ఆ చిన్న గాటు అంచు కాస్త అరిగింది. సానరాయితో రుద్దాను. ఇరవైసార్లు ఎక్కించి చూశాను. నిలబడింది.

జనవరి 27

మళ్లీ జారింది. ముప్ఫై రెండోసారి ఎక్కించినప్పుడు. లాంకాస్టర్ దగ్గర ఇలాంటి లాక్‌లు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. పెట్టెలో పెట్టి పంపాలి.

ఫిబ్రవరి 3

ఇంకోసారి రుద్దాను. యాభైసార్లు చూశాను. జారలేదు. ఇక పంపక్కర్లేదు. పంపితే ఆయన అడిగే మొదటి మాట, ఈ గాటుని ఇలా పాడుచేసిందెవరని. నా కుడిచెయ్యి ఈ మధ్య కుదురుగా ఉండటం లేదు. అది ఆయనకెందుకు చెప్పాలి?

అక్టోబర్ 13, ఆదివారం

రోవేనా, అల్లుడు ఆర్డెన్ భోజనానికి వచ్చారు. బంగాళాదుంప ముద్ద వడ్డించుకుంటూ ఆర్డెన్ ఉన్నట్టుండి అన్నాడు: "మెర్ల్ గారూ, ఈసారి క్రిస్మస్ తర్వాత వేటకి నేనూ వస్తాను."

నా కూతురు పకపకా నవ్వింది. "నువ్వా? బోనులో ఎలక పడితే నన్ను కేకేసే మనిషివి."

"అందుకే కదా, ఆగస్టులో మీ నాన్న చెప్పే వేట భద్రత క్లాసుకెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుంది."

అది నిజమే. అగ్నిమాపక కేంద్రం హాల్లో, పన్నెండేళ్ల పిల్లల మధ్య చిన్న కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. బడిలో బ్యాండు నేర్పే మనిషి. మూడేళ్లయింది పెళ్లయి. నాతో మాట్లాడటానికి ఏదో ఒక దారి వెతుక్కుంటూనే ఉన్నాడు పాపం. నేనే దారివ్వలేదు.

"క్రిస్మస్ మర్నాటి నుంచి చట్టం ప్రకారం చెకుముకి తుపాకులే కదా తేవాలి. ఏది కొనాలో మీరే చెప్పండి. నమ్మకంగా పేలేది చాలు. అందం అక్కర్లేదు."

ముప్ఫై ఏళ్లుగా ఈ జిల్లాలో ఎవరు తుపాకీ కొన్నా నన్నే అడుగుతారు. అయినా ఇతను అడిగితే ఎందుకో ఛాతీ ఇంకాస్త పొంగింది.

అక్టోబర్ 19

ఆర్డెన్‌ని బెర్నడీన్ తుపాకుల దుకాణానికి తీసుకెళ్లాను. ఆమె నాలుగు తుపాకులు బల్లమీద పెట్టింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. దస్తా భుజానికి దానంతటదే వచ్చి కూర్చోవాలి. గొట్టం మరీ పొడుగైతే అడవిలో కొమ్మలకి తగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం లాక్. రాయి ఉక్కుకి తగిలిన ప్రతిసారీ నిప్పులు మందు పోసే చిప్పలో పడాలి, పక్కన కాదు. సగం గాటులో పెట్టి బొటనవేలితో నొక్కినా కదలకూడదు.

ఆర్డెన్ అన్నీ విని, పొట్టి గొట్టం ఉన్న ఒకదాన్ని తీసుకున్నాడు. సాదా కర్ర, పైన ఏ అలంకారమూ లేదు. పదిసార్లు కొట్టి చూశాడు.

"పదికి పది" అంది బెర్నడీన్. "తీసుకో బాబూ. నీ చేతికి సరిగ్గా సరిపోయింది."

"దుకాణం సరుకు" అన్నాను నేను. "లాక్ మందకొడిగా ఉంది. నిప్పు పడటానికీ పేలటానికీ మధ్య జింక పక్క జిల్లాకి వెళ్లిపోతుంది."

"మెర్ల్, పదిసార్లూ నిప్పులు పడ్డాయయ్యా. ఇంకేం కావాలి నీకు? సన్నాయి మేళమా?"

ఆర్డెన్ నవ్వాడు. తుపాకీని ఇంకోసారి భుజానికెత్తి, కిందకి దించి, నా మొహంలోకి చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. బల్లమీద పెట్టేశాడు.

లాక్ మందకొడిగా ఏమీ లేదు. బాగానే ఉంది. కానీ నేను చెప్పింది కూడా పూర్తిగా అబద్ధం కాదు. ఇంకా మంచివి ఉంటాయి.

అక్టోబర్ 26

నా రెండో తుపాకీ ఇచ్చాను ఆర్డెన్‌కి. నేనే చేసింది, ముక్కా ముక్కా తెప్పించుకుని, రోవేనా ఒకటో తరగతిలో ఉన్నప్పుడు. వాడు చేతుల్లోకి తీసుకుని దస్తా నిమిరాడు.

"ఇది మీరు చేసింది కదా. నాకా?"

"దుకాణం వాటికన్నా వందరెట్లు నయం" అన్నాను.

నా భార్య ఇర్మా వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె కూడా సంతోషించినట్టే ఉంది. పోయిన చలికాలంలో ఒక్కసారి ఏదో జారింది గానీ, అది బాగుచేసేశాను.

నవంబర్ 16

కంకర గోతి దగ్గర సాధన. ఆర్డెన్ తొందరపడడు. మందు కొలిచి పోస్తాడు, గుడ్డముక్క చుట్టిన గుండుని కడ్డీతో ప్రతిసారీ ఒకే బలంతో దించుతాడు, చిప్పలో చిటికెడు పోస్తాడు. ఏ పనైనా రెండోసారి చెప్పక్కర్లేదు. అరవై గజాల్లో ఐదు గుండ్లు నా అరచేతిలో పట్టేంత చోట పెట్టాడు. నావి అంత దగ్గరగా పడలేదు. ఎండ కంట్లో పడిందన్నాను. ఎండ నా వీపు వెనక ఉంది.

డిసెంబర్ 22

ఆర్డెన్ తుపాకీకి కొత్త చెకుముకి రాయి బిగించి ఇచ్చాను. అంతా బాగుంది.

డిసెంబర్ 26

మొదటి రోజు. అడుగు లోతు మంచు. జాడలు చూశాం, జింకల్ని చూడలేదు. ఆర్డెన్ వేడి సూప్ ఫ్లాస్కు తెచ్చాడు, నాకే ఎక్కువ పోశాడు.

జనవరి 4, ఆసుపత్రి

ఇర్మాని అడిగి ఈ పుస్తకం తెప్పించుకున్నాను. రాస్తే మనసు కుదుటపడుతుందని చెప్పాను.

28వ తారీఖు, శనివారం. దుంగలు మోసుకెళ్లే పాత బాట మీద పైకి వెళ్తున్నాం. నేను ముందు, వాడు పదిహేనడుగుల వెనక. వాగు దగ్గర మంచు కింద రాయి ఉందని చూసుకోలేదు, కాలు జారి పడ్డాను. పెద్ద దెబ్బేమీ కాదు. కానీ కేకేశాను. వాడు "మెర్ల్ గారూ!" అంటూ పరిగెత్తాడు. అడ్డంగా పడి ఉన్న హెమ్లాక్ చెట్టు దుంగ మీద నుంచి కాలు వేశాడు. దస్తా దుంగకి తగిలింది. పేలింది.

గుండు నా ఎడమ మోకాలి కింద ఎముకని తునాతునకలు చేసింది. నొప్పి వెంటనే రాలేదు. ముందు పొగ వాసన వచ్చింది, తర్వాత వాడి మొహం కనిపించింది. మనిషి మొహం అలా అవడం నేనెప్పుడూ చూడలేదు.

బెల్టు తీసి నా తొడకి బిగించాడు. వీపు మీద ఎక్కించుకున్నాడు. నేను ఎనభై ఐదు కిలోలు ఉంటాను, వాడు డెబ్భై ఉండడు. ట్రక్కు దాకా మైలు పైనే. దారంతా "ఒకటి రెండు మూడు నాలుగు, ఒకటి రెండు మూడు నాలుగు" అని గట్టిగా లెక్క చెప్పుకుంటూనే ఉన్నాడు, బ్యాండు పిల్లలకి కవాతు నేర్పించేటట్టు. మధ్యలో ఏడుస్తున్నాడు, లెక్క మాత్రం తప్పలేదు.

కాలు ఉంటుందట. ఇనుప పలకలు వేశారు. ఎప్పటిలా నడవను.

జనవరి 5

క్లాసులో ప్రతి ఏడూ చెప్తాను: దుంగ గానీ కంచె గానీ దాటేముందు ఆగండి, చిప్పలో మందు పారబొయ్యండి, అప్పుడు దాటండి అని. వాడు పారబొయ్యలేదు. అది నిజం. అది నిజమే.

జనవరి 7

వేట శాఖ అధికారి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు. పన్నెండేళ్లప్పుడు నా క్లాసులో కూర్చున్నవాడే.

"సార్, ఆర్డెన్ వాంగ్మూలం ఇచ్చాడు. వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్లి ఉంటుందంటున్నాడు. గుర్తు లేదు గానీ వెళ్లే ఉంటుందంటున్నాడు."

"నేను చూడలేదు. పడి ఉన్నాను కదా."

"తుపాకీ కూడా చూశాం. సగం గాటులో ఇరవైసార్లు పెట్టి దస్తా మీద కొట్టాం. చెక్కుచెదరలేదు. మీ చేతిపని కదా, ఎందుకు చెదురుతుంది!"

నేను చూడలేదన్నది నిజమే. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు.

జనవరి 11

ఇంటికి తెచ్చారు. కింది గదిలో మంచం వేశారు. ఆర్డెన్ ఇక రోజూ బడి అయిపోగానే వస్తాడట. ఇవాళ వచ్చాడు. దిండు కాలి కింద పెట్టే పద్ధతి నర్సు దగ్గర నేర్చుకున్నాడు. ముందు మడమ పట్టుకుంటాడు, తర్వాత పిక్క, తర్వాత దిండు. నొప్పి తెలియనివ్వడు. కళ్లెత్తి చూడడు.

జనవరి 18

రోవేనా నాకు సూప్ తాగిస్తోంది. ఆర్డెన్ లోపలికొచ్చాడు.

"తలుపు మెల్లగా వెయ్యలేవా?" అంది.

"మెల్లగానే వేశాను రోవీ."

"అవును, నువ్వు అన్నీ మెల్లగానే చేస్తావు. అన్నీ జాగ్రత్తగానే చేస్తావు. మా నాన్న కాలే సాక్ష్యం."

వాడు కోటు కూడా విప్పకుండా నిలబడిపోయాడు. నేను చెంచా నోట్లో పెట్టుకుని ఉన్నాను. చెంచా తీసి ఒక్క మాట అంటే సరిపోయేది. మింగాను. "ఉప్పు తక్కువైంది" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఉప్పు సరిపోయింది.

జనవరి 22

బెర్నడీన్ తీపి ఆపిల్ పై చేసి పట్టుకొచ్చింది. ఊళ్లో అందరూ అడుగుతున్నారంది. లేచేముందు, ఏదో యథాలాపంగా: "ఆ రోజు అల్లుడు ఎత్తి చూశాడే, పొట్టి గొట్టంది, అది పోస్ట్‌మాస్టర్ కొనుక్కున్నాడు. సీజను మొత్తంలో ఒక్కసారి కూడా మొరాయించలేదట."

"మంచిది" అన్నాను.

నేను తినలేదు. ఇర్మా ఆర్డెన్‌కి పెట్టింది. వాడూ తినలేదు.

జనవరి 25

ఇర్మా దుప్పటి మడతపెడుతూ, నా వైపు చూడకుండా అంది:

"పోయిన చలికాలం నేలమాళిగలో వారాల తరబడి టప్ టప్ మని చప్పుడు చేశావు. మధ్యమధ్య తిట్టుకున్నావు. ఏంటది మెర్ల్?"

"లాక్ శుభ్రం చేశాను."

"ఏ తుపాకీది?"

"రెండింటిదీ."

నలభై ఏళ్ల కాపురం. ఆమె దుప్పటిని మళ్లీ విప్పి, మళ్లీ మొదట్నుంచీ మడతపెట్టింది.

జనవరి 26

నిజం చెప్పాలంటే ఒకసారి కాదు, రెండుసార్లు జారింది. కానీ యాభైసార్లు చూశాకే కదా ఇచ్చాను.

ఫిబ్రవరి 1

ఆర్డెన్ బడికి సెలవు పెట్టాడు. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ప్రిన్సిపాల్ని కలిశారట, ఇలాంటి అజాగ్రత్త మనిషి చేతిలో పిల్లల్ని పెట్టి బస్సులో పోటీలకి ఎలా పంపుతామని. వాడు వాళ్లని తప్పుపట్టడం లేదు. నాకు దిండు సర్దుతూ చెప్పాడు.

"వాళ్లు అన్నదాంట్లో తప్పేముంది? నా చెయ్యి ఏం చేసిందో నాకే తెలియనప్పుడు..." కుడిచేతి చూపుడువేలు చూసుకున్నాడు. ఈ మధ్య ఊరికే చూసుకుంటున్నాడు దాన్ని. "మెర్ల్ గారూ, ఈరీ నగరంలో మా అన్న ఉన్నాడు. విచారణ అయ్యాక కొన్నాళ్లు అక్కడుంటాను. రోవేనాకి కూడా అదే మంచిదనిపిస్తోంది."

"రోవేనా అలా అందా?"

"అనలేదు. పక్క మాత్రం పై గదిలో వేసుకుంటోంది."

ఫిబ్రవరి 6

రేపు వాడు రాగానే చెప్తాను.

ఫిబ్రవరి 7

చెప్పలేదు. వాడి వెంట రోవేనా వచ్చింది.

ఫిబ్రవరి 8

రోవేనా రాలేదు. చెప్పలేదు.

ఫిబ్రవరి 10

డిసెంబర్ 22న ఏం రాశానో తిప్పి చూశాను. "అంతా బాగుంది" అని ఉంది.

ఆ రోజు ఆదివారం, పగలు మూడు గంటలు. ఆర్డెన్ పైన ఇర్మాతో కాఫీ తాగుతున్నాడు. నేను నేలమాళిగలో కొత్త రాయి బిగించి, సగం గాటులో పెట్టి, అలవాటు ప్రకారం బొటనవేలితో నొక్కాను. సుత్తి పడింది. రాయి అంచు ఉక్కుని గీరి నాలుగు నిప్పురవ్వలు ఖాళీ చిప్పలో పడ్డాయి. మూడోసారి అది. ఇంకోసారి నొక్కాను, నిలబడింది. పదిసార్లు నిలబడింది. పైన వాళ్లు నవ్వుకుంటున్నారు. ఇప్పుడు మెట్లెక్కి "ఇది పనికిరాదు, ఆగిపో" అంటే, ఎందుకని అడుగుతాడు. దుకాణంలో నువ్వు ఎంచుకున్నదే మంచిదనాలి. నేను చేసిన లాక్‌ని నేను పాడుచేశాననాలి. నా చెయ్యి వణుకుతోందనాలి. ఇవన్నీ ఆర్డెన్‌తో అనాలి.

మెట్లెక్కి తుపాకీ వాడి చేతికిచ్చాను. "జాగ్రత్తగా చూసుకో" అన్నాను.

వేట కాలం అయ్యాక వెనక్కి తీసుకుని లాంకాస్టర్ పంపుదామనుకున్నాను. ఇది కూడా నిజమే. నా దగ్గర నిజాలకేం కొదవ లేదు.

ఫిబ్రవరి 12

విచారణ. వేట శాఖ ఆఫీసులో చిన్న గది. అధికారి, ఆర్డెన్, రోవేనా, ఇర్మా, చంకకర్రలతో నేను. ఆర్డెన్ తప్పు ఒప్పుకుంటూ కాగితం ముందే రాసుకొచ్చాడు. ఐదేళ్లు లైసెన్సు పోతుంది. పైగా అజాగ్రత్తగా మనిషిని గాయపరిచినట్టు రికార్డులోకి ఎక్కుతుంది. ఆ రికార్డుతో బడిలో ఉద్యోగం నిలవదు. అది అందరికీ తెలుసు.

వాడు కలం తీయగానే నేను అన్నాను: "సంతకం పెట్టకు. లాక్ చెడిపోయింది. నాకు తెలుసు."

అందరూ నా వైపు తిరిగారు.

"సగం గాటు జారుతుంది. పోయిన జనవరి నుంచీ జారుతోంది. నాకు తెలిసే ఇచ్చాను."

అధికారి బీరువాలోంచి తుపాకీ తెచ్చాడు. సగం గాటులో పెట్టి, దస్తాని అరచేత్తో కొట్టాడు. ఒకటి. మళ్లీ. రెండు. గదిలో ఆ టపటప తప్ప ఇంకో చప్పుడు లేదు. ఇరవై. ముప్ఫై. నేను నా జన్మలో ఒక లాక్ చెడిపోవాలని అంతగా మొక్కుకోలేదు. నలభై. యాభై. అరవై దగ్గర ఆపాడు.

"సార్," అన్నాడు మెత్తగా, "మీ మనసు గొప్పది."

"మనసు కాదయ్యా, నిజం చెప్తున్నాను!"

ఆర్డెన్ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. కళ్లనిండా నీళ్లు. "వద్దు మెర్ల్ గారూ. నా కోసం అబద్ధం ఆడకండి. మీరలా మాట్లాడితే నేను ఇంకా తట్టుకోలేను."

రోవేనా నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "మా నాన్న ఇలాంటి మనిషి" అంది అధికారితో.

నాకు జన్మలో దక్కిన పెద్ద మెప్పు అదే.

ఇర్మా ఒక్కతే కదల్లేదు. ఆమె అంది: "సంతకం ఒక వారం ఆపండి. ఇంట్లో చూసుకోవాల్సినవి ఉన్నాయి." అధికారి రెండు వారాలు గడువిచ్చాడు.

ఫిబ్రవరి 13

ఇంకో దారి లేదు. ఈ పుస్తకం ఆర్డెన్‌కి ఇచ్చేస్తున్నాను. జనవరి పేజీలు చించి ఇవ్వొచ్చు. చింపితే మిగతావి దాచినట్టే. అక్టోబర్‌ది చదువుతాడు, నవంబర్‌ది చదువుతాడు. ఉప్పు తక్కువైందన్నది కూడా చదువుతాడు.

మూడుసార్లూ జారిన సంగతి ఇర్మాకి ముందు నేనే నోటితో చెప్పాను. ఆమె విని, "కోటు వేసుకుంటాను, నేనే పట్టుకెళ్లి ఇస్తాను" అంది. అంతే అంది.

ఫిబ్రవరి 27

పుస్తకం నిన్న వెనక్కి వచ్చింది.

ఆర్డెన్ అది ముందు అధికారికి చూపించాడట. ఆయన ఈసారి కొట్టి చూడటం మానేసి, లాక్ విప్పి భూతద్దం కింద పెట్టాడట. గాటు అంచు గుండ్రంగా ఉంది, సానరాయి గీతలతో సహా. ఆర్డెన్ మీద కేసు లేదు. నా మీద ఏముంటుందో తర్వాత చెప్తారట. క్లాసులు చెప్పే బిళ్ల మాత్రం ఇచ్చేయమన్నారు. ఇర్మాతో పంపాను.

నిన్న సాయంత్రం నాలుగింటికి ఆర్డెన్ వచ్చాడు. పుస్తకం దుప్పటి మీద పెట్టాడు. కూర్చోలేదు.

"డిసెంబర్ ఇరవై రెండున," అన్నాడు, "నా చేతికిస్తున్నప్పుడు, అప్పుడే జారిన సంగతి నీ మనసులో ఉందా?"

మూడేళ్లలో నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

ఆ క్షణంలో గుర్తు లేదనొచ్చు. అరవై రెండేళ్ల వాణ్ణి, నమ్ముతారు.

"ఉంది" అన్నాను. "నీ చెయ్యి తగిలినప్పుడు కూడా ఉంది. ఏమీ కాదులే అనుకున్నాను."

"ఏమీ కాదులే."

"అవును."

"ఏడువారాలు ఈ వేలిని చూసుకుంటూ బతికాను. బ్యాండు ముందు చెయ్యెత్తడమే మానేశాను. రోవేనా వైపు నుంచి చూస్తే నేను వాళ్ల నాన్నని చంపబోయినవాణ్ణి. నువ్వు రోజూ నా చేత కాలు పట్టించుకున్నావు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "లాక్ సంగతి నాకు అర్థమైంది. ఎవరైనా అలా పొరపడొచ్చు. ఆ సూప్ తాగిన రోజు సంగతే నాకు అర్థం కాలేదు."

"నాకూ కాలేదు."

"ఆ రోజు దుంగ దగ్గర చిప్పలో మందు పారబొయ్యనిది నేనే. అది నాకు తెలుసు. నువ్వు రాశావు కూడా."

"నేను కేకేస్తే పరిగెత్తావు. ఆగి మందు పారబోసేవాడెవడు? క్లాసులో చెప్పడం తేలిక."

"నన్ను క్షమించమని మాత్రం అడగకు. ఇప్పుడు నా దగ్గర లేదు."

"అడగను."

తలుపు దాకా వెళ్లాడు. ఆగాడు. వెనక్కి వచ్చాడు. కాలు దిండు మీద నుంచి జారి ఉంది. ముందు మడమ, తర్వాత పిక్క, తర్వాత దిండు. ఎప్పటిలానే, నొప్పి తెలియకుండా. సర్దేసి వెళ్లిపోయాడు. రేపు వస్తానని ఎప్పుడూ అనేవాడు, అనలేదు.

ఫిబ్రవరి 28

రాలేదు.

మార్చి 1

రాలేదు. రోవేనా వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి అరిచింది, ఏడ్చింది. "నీ కోసం నా మొగుణ్ణి కుక్కలా చూశాను నాన్నా. నువ్వు చూస్తూ ఊరుకున్నావు. నా చేతి సూప్ తాగుతూ ఊరుకున్నావు." ఆమె అన్నదాంట్లో ఒక్క మాట కూడా ఎక్కువ కాదు. వెళ్తూ తలుపు గట్టిగా వేసింది. ఇంట్లో అద్దాలన్నీ అదిరాయి.

మార్చి 2

రాలేదు.

మార్చి 6

ఆర్డెన్ మళ్లీ బడికి వెళ్తున్నాడని బెర్నడీన్ ఫోన్లో చెప్పింది. రోవేనా, వాడూ నిన్న దుకాణాల వీధిలో కలిసి నడుస్తూ కనిపించారట. నా గురించి ఊళ్లో ఏమనుకుంటున్నారని అడిగాను. "నీకు తెలుసుగా మెర్ల్, అడిగి ఎందుకు చెప్పించుకుంటావు" అంది. ఫోన్ మాత్రం వెంటనే పెట్టెయ్యలేదు.

మార్చి 9

రాలేదు. ఇక ఇది రాయడం మానేస్తాను.

మార్చి 14

చెక్కల లారీ వచ్చి వాకిట్లో దుంగలు పడేసి పోయింది. పొయ్యి వెలిగించాల్సిన చలి ఇంకా ఆరువారాలు ఉంది. ఇర్మా ఒక దుంగని గొడ్డలితో కొట్టింది. గొడ్డలి ఇరుక్కుపోయింది. పక్కింటివాళ్లని అడుగుదామంది. అడగొద్దని నేననలేదు, అడగమనీ అనలేదు.

మార్చి 15, శనివారం

పొద్దున తొమ్మిదింటికి వాకిట్లో గొడ్డలి చప్పుడు. కిటికీ నా మంచానికి వెనకవైపు ఉంది, కనిపించదు. కానీ ఆ చప్పుడు పక్కింటివాళ్లది కాదు. ఒక్కో దెబ్బకీ మధ్య సమానమైన ఎడం. తడబాటు లేదు.

ఇర్మా కాఫీ పట్టుకెళ్లింది. చాలాసేపు రాలేదు. నేను లేవాలని చూశాను, చంకకర్ర అందలేదు. అందినా ఏం చేసేవాణ్ణో తెలియదు. పడుకుని విన్నాను. పదకొండింటికి చప్పుడు ఆగింది, కారు కదిలింది.

ఇర్మా ఖాళీ కప్పుతో లోపలికొచ్చింది. బూట్ల మంచు దులుపుకుంటోంది.

"లోపలికి రమ్మన్నావా?" అని అడిగాను.

"అన్నాను. వద్దన్నాడు."

"ఏమన్నా అన్నాడా?"

"సగం అయ్యాయి, మిగతావి వచ్చే శనివారం వచ్చి కొడతానన్నాడు."

"నాకు చెప్పమన్నాడా?"

ఇర్మా కప్పు కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుంది.

"లేదు" అంది. "నాకే చెప్పాడు."